దుబాయ్ వెళ్లే పెద్దవాళ్ల మందుల సంచి ఒకసారి చూడండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడేసరికి మీ పత్రికలో విదేశీ యాత్రల ప్రకటనలు, వాటి పక్కనే దుబాయ్‌లో చూడాల్సిన ప్రదేశాల గురించి వ్యాసాలు వస్తున్నాయి. బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లని, ఎడారి సఫారీలో ఏమేం చూపిస్తారని, బంగారం ఎక్కడ కొనాలని అన్నీ వివరంగా రాస్తున్నారు. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో అక్కడి ఎండ ఎలా ఉంటుందో, బీపీ, షుగర్ ఉన్న అరవై ఏళ్ల మనిషి ఆ ఎండలో ఎలా తిరగాలో మాత్రం ఒక్క ముక్క ఉండటం లేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

మాది కాశీబుగ్గలో మందుల షాపు. నేను బీఫార్మసీ చదివాను, కౌంటర్ దగ్గర ఉండేది నేనే. మా వైపు సంగతి మీకు తెలియంది కాదు. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలం చూసినా వీధికి ఒకరిద్దరైనా గల్ఫ్‌లో ఉంటారు. వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లుగా వెళ్లినవాళ్లే ఎక్కువ. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడి తోటలు నేలకూలాక, ఇక ఇక్కడ ఏం మిగిలిందని పాస్‌పోర్ట్ చేయించుకున్న కుర్రాళ్లు నాకు తెలుసు. వాళ్లలో నిలదొక్కుకున్నవాళ్లు ఇప్పుడు అమ్మానాన్నల్ని విజిట్ వీసా మీద తీసుకెళ్తున్నారు. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి పిల్లల్ని పెంచిన తల్లి విమానం ఎక్కిందంటే నాకు నిజంగా కడుపు నిండినట్టుంటుంది. వెళ్లాలి, చూడాలి, మనవల్తో తిరగాలి. వెళ్లొద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

వెళ్లే నెలలే నా బెంగ. వేసవిలో అక్కడ హోటళ్లు చవకని ప్రకటనల్లో పెద్దక్షరాలతో వేస్తారు. ఎందుకు చవకో వేయరు. అక్కడివాళ్లే ఎండకి తట్టుకోలేక బయట తిరగని కాలం అది. పూలతోటల మిరకిల్ గార్డెన్, దేశదేశాల దుకాణాలు పెట్టే గ్లోబల్ విలేజ్ లాంటి ఆరుబయట చూసే చోట్లు ఆ వేసవి నెలల్లో మూసేస్తారు. నవంబర్ నుంచి మార్చి దాకా హాయిగా ఉండే ఊరు, జూన్ వచ్చేసరికి పగలు 40 దాటి, కొన్ని రోజులు 45 కూడా దాటుతుంది. ఆగస్టులో రాత్రిపూట కూడా 30 డిగ్రీలకు దిగని రోజులుంటాయి. తారీఖులు మార్చుకోగలిగినవాళ్లు మార్చుకోండి. సంక్రాంతి పండక్కి కొడుకు ఇక్కడికి వచ్చి, తిరుగు ప్రయాణంలో అమ్మానాన్నల్ని వెంటపెట్టుకుని వెళ్తే అంతకన్నా మంచి పని లేదు. అందరికీ అది కుదరదు. మనవలకి స్కూలు సెలవులు, కొడుక్కి లీవు, వీసా గడువు, ఇవన్నీ ఎండాకాలంలోనే కలిసొస్తే ఎండాకాలంలోనే వెళ్తారు. వాళ్ల కోసమే ఈ మాటలు.

ఈమధ్య మా షాపుకి ఒక పెద్దావిడ వచ్చారు. “దుబాయ్‌లో కొడుకు దగ్గర మూణ్నెల్లు ఉంటానమ్మా, మూణ్నెల్లకీ మందులు కట్టీ” అన్నారు. ఎండలమ్మా జాగ్రత్త అంటే, “ఎండ మనకి కొత్తేటి? జీడి బట్టీ దగ్గర నిలబడి పని చేసినదాన్ని” అన్నారు. ఈ మాట దాదాపు అందరూ అంటారు. అందులో నిజం లేకపోలేదు. మే నెలలో మన తీరంలో ఉక్కపోత ఎలా ఉంటుందో తెలిసినవాళ్లమే. కానీ ఇక్కడ ఆవిడని కాపాడుతున్నది ఒంటి గట్టిదనం ఒక్కటే కాదు, ఆవిడ దినచర్య. తెల్లవారకముందే లేచి బయటి పనులు ముగించుకుంటారు. పొద్దున్నే చోడి (రాగి) అంబలో, చద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉప్పేసుకునో తాగుతారు. పన్నెండు దాటాక గుమ్మం దాటరు. మధ్యాహ్నం ఒక కునుకు తీస్తారు. సాయంత్రం సముద్రం గాలి తిరిగాకే వీధిలోకి వస్తారు. ఇవేవీ వైద్యం అనుకుని చేసేవి కావు, అయినా చేస్తున్న పని వైద్యమే. సెలవుల మీద వెళ్లిన మనిషి వీటన్నిటినీ ఇక్కడే వదిలేసి విమానం ఎక్కుతుంది. పొద్దున్న ఆలస్యంగా లేవడం, టిఫిన్‌కి బ్రెడ్డు, పదకొండింటికి బయల్దేరడం, మధ్యాహ్నమంతా తిరగడం. టికెట్ డబ్బులు పెట్టాం కదా అని ఒక్క చోటు కూడా వదలకపోవడం.

ఒంటికి కొత్త వేడి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఐదారు రోజుల ప్యాకేజీలో వెళ్లినవాళ్లకి ఆ అవకాశమే లేదు, ఒళ్లు సర్దుకునేలోపు తిరుగు విమానం. పైగా ఎడారి అనగానే పొడి ఎండ అనుకుంటారు. దుబాయ్ సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు చెమట పడుతుందే గానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, ఆరకపోతే కారిపోయిన నీరంతా దండగ. సఫారీకి ఊరి బయటికి, ఇసుక దిబ్బల్లోకి వెళ్లినప్పుడు దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ గాలి పొడిగా ఉండి చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది. చీర తడవదు, మొహం తుడుచుకోవాల్సిన పని ఉండదు, కాబట్టి నీళ్లు పోతున్నాయని అనిపించదు. రెండూ ప్రమాదమే.

ఎప్పుడు బయటికి వెళ్లకూడదో తెలుసుకోవడానికి ఏ డాక్టరూ అక్కర్లేదు, మీ అబ్బాయినే అడగండి. యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో ఆరుబయట పని చేయించకూడదని చట్టం ఉంది. చేయిస్తే కంపెనీకి జరిమానా. సైట్లలో పనిచేసే మనవాళ్లందరికీ ఈ మిడ్‌డే బ్రేక్ బాగా తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడిని, ఎండకి అలవాటు పడినవాడిని, ఆ ప్రభుత్వమే ఆ వేళ నీడకి పంపిస్తుంటే, అరవై రెండేళ్ల వాళ్ల నాన్నని మనం అదే వేళకి ఫొటోల కోసం రోడ్డు మీద నిలబెడుతున్నాం. కొడుకు చూపించాలనే ఉత్సాహంలో మర్చిపోతాడు. తండ్రి, కొడుకుని నొప్పించకూడదని ఆయాసం వచ్చినా చెప్పడు. ఆ రెండున్నర గంటలే కాదు, నన్నడిగితే పెద్దవాళ్లు పదింటి నుంచి ఐదింటి దాకా గోడల మధ్యే ఉండాలి. షాపింగ్ మాల్ ఆ వేళకి పనికొస్తుంది. బయటి చోట్లన్నీ పొద్దున్నే గానీ, దీపాలు పెట్టాక గానీ.

మాల్ అన్నాను కదా అని అదేదో విశ్రాంతి అనుకోవద్దు. దుబాయ్ మాల్‌కి మెట్రోలో వెళ్తే స్టేషన్ నుంచి లోపలికి ఏసీ వంతెన మీద దాదాపు 800 మీటర్లు రావాలి. మధ్యలో కదిలే బాట ఉన్నా నడక తప్పదు. లోపల ఇంకెంత నడుస్తామో లెక్కే ఉండదు. సాయంత్రానికి మోకాళ్లు పట్టేస్తాయి. సంచిలోంచి ఒళ్లునొప్పుల బిళ్ల బయటికి వస్తుంది.

ఆ బిళ్ల గురించే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది.

మన దగ్గర బీపీకి ఎక్కువగా రాస్తున్న మాత్రల్లో టెల్మిసార్టాన్ ఒకటి. చాలామందికి దాంతోపాటు హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర ఇస్తారు, డబ్బా మీద పేరు చివర ‘హెచ్’ అని ఉంటుంది. ఒంట్లో నీటిని మూత్రంలో బయటికి పంపే మందు అది. ఇక్కడ మామూలుగా ఉన్నంతకాలం అది మంచి మందే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ చెమటలో ఇప్పటికే నీరు పోతున్న మనిషిలో అది ఇంకొంచెం నీటిని బయటికి పంపుతుంది. రక్తం చిక్కబడుతుంది, కిడ్నీకి వెళ్లే రక్తం తగ్గుతుంది. అలా తగ్గినప్పుడు కిడ్నీ తనంతట తాను సర్దుకునే దారులు రెండున్నాయి. ఒకదాన్ని టెల్మిసార్టాన్ లాంటి మందు మూస్తుంది. రెండోదాన్ని డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ల మూస్తుంది. బీపీ మాత్ర, నీరు తీసే మాత్ర, నొప్పి బిళ్ల, ఈ మూడూ నీరు తగ్గిన ఒంట్లో కలిస్తే కొన్ని రోజుల్లోనే కిడ్నీ దెబ్బతిని, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగిపోవచ్చు. వైద్య పుస్తకాల్లో బాగా తెలిసిన ప్రమాదమే ఇది. బీపీ మాత్ర డాక్టర్ రాస్తారు, నొప్పి బిళ్ల మాత్రం ఎవరికి వాళ్లే కొనుక్కుంటారు. అందుకే ఈ రెండింటినీ కలిపి చూసేవాళ్లు ఎవరూ ఉండరు, మాలాంటి షాపువాళ్లు తప్ప.

క్రియాటినిన్ అంటే ఏమిటో రాష్ట్రంలో ఇంకెక్కడైనా వివరించాలేమో గానీ, మా ఉద్దానం ప్రాంతంలో బడికి వెళ్లే పిల్లకి కూడా ఆ మాట తెలుసు. మా దగ్గర కిడ్నీ జబ్బు ఎందుకు ఇంతగా ఉందో ఇప్పటికీ ఎవరూ ఖాయంగా చెప్పలేదు. మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. ఎండలో కష్టం చేస్తూ మళ్లీ మళ్లీ ఒంట్లో నీరు తగ్గడం అక్కడి ముఖ్య కారణాల్లో ఒకటి కావచ్చని పరిశోధకులు అనుకుంటున్నారు. కారణం ఏదైనా, మా ప్రాంతం మనిషి కిడ్నీ విషయంలో మిగతావాళ్లకన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలనడానికి ఎవరి పరిశోధనా అవసరం లేదు. ప్రయాణానికి ముందు క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు చేయించుకోండి. పలాసలో 2023 డిసెంబర్ నుంచి 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ఉన్నాయి. రిపోర్టు పట్టుకెళ్లి డాక్టర్‌ని ఒక్కటే అడగండి: “ఎండలోకి వెళ్తున్నాను, ఈ మందులు ఇలాగే వేసుకోవచ్చా, వాంతులో విరేచనాలో అయిన రోజు వీటిలో ఏది ఆపాలి?” ఆపమని డాక్టర్ చెబితేనే ఆపాలి, సొంతంగా బీపీ మాత్ర మానేయడం ఇంకో ప్రమాదం. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందు వాడేవాళ్లు కూడా ఇదే అడగాలి, ఎందుకంటే అది చక్కెరతోపాటు నీటిని కూడా మూత్రంలో పంపేస్తుంది. మోకాళ్ల నొప్పికి పారాసిటమాల్ చాలామందికి సరిపోతుంది, అదీ మోతాదు దాటకుండా. నొప్పి బిళ్లల అట్ట చీటీ లేకుండా అడిగితే మా షాపులో ఇవ్వను. కొందరు విసుక్కుని పక్క షాపుకి వెళ్తారు, వెళ్లనీ.

నీళ్ల విషయం. ఇక్కడ అందరికీ ఒకే మాట చెప్పడం కుదరదు. ఏ జబ్బూ లేనివాళ్లు దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగుతుండాలి, వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గిపోతుంది కాబట్టి పెద్దవాళ్లకి ఇది మరీ ముఖ్యం. మూత్రం రంగు చూసుకోండి. ముదురు పసుపులో ఉంటే నీళ్లు చాలనట్టే. అలాగని ఒక్కసారిగా లీటర్లకి లీటర్లు ఉత్త నీళ్లే తాగేసినా మంచిది కాదు, రక్తంలో సోడియం పడిపోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ, తిండితోపాటు నీళ్లు ఉండాలి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి రోజుకి ఇన్ని నీళ్లే అని డాక్టర్ కొలత చెప్పి ఉంటారు. ఎండలో ఆ కొలత ఎంత మార్చుకోవాలో ముందే అడగాలి. డయాలసిస్ చేయించుకునేవాళ్లు అక్కడ సెంటర్‌లో రోజులు ఖాయం చేసుకోకుండా కదలనే కూడదు. ఇంకో సంగతి, మా కొబ్బరి సీమలో చెబితే కోపం వస్తుంది గానీ చెప్పాలి: కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి కొబ్బరి నీళ్లు మందు కాదు. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండెకి ముప్పు.

మన ఆడవాళ్లలో ఇంకొక అలవాటుంది. దీన్ని ఎవరూ పత్రికలో రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. ప్రయాణంలో బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. పలాసలో ఫలక్‌నుమా రైలు ఎక్కినప్పటి నుంచి హైదరాబాద్‌లో విమానం ఎక్కి దుబాయ్‌లో దిగేదాకా రెండు గుక్కలతో సరిపెట్టుకునే అమ్మల్ని నేను ఎరుగుదును. అంటే అక్కడ ఎండలో అడుగుపెట్టే సరికే ఒంట్లో నీరు తక్కువ. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి, వెళ్లిన మర్నాటి నుంచే జ్వరం. కూతుళ్లు, కోడళ్లు ఇది అడిగి తెలుసుకోవాలి. స్టేషన్‌లో, ఎయిర్‌పోర్ట్‌లో అమ్మని వెంటబెట్టుకుని బాత్రూమ్‌కి తీసుకెళ్లండి, ఆవిడంతట ఆవిడ అడగదు. దుబాయ్ మెట్రోలో తినడం, తాగడం నిషేధం, 100 దిర్హాములు జరిమానా వేస్తారు. కాబట్టి స్టేషన్‌లోకి వెళ్లకముందే తాగించండి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. ఒక ప్యాకెట్‌కి ఒక లీటరు నీళ్లు, గ్లాసుడు నీళ్లలో మొత్తం వేసేయకూడదు. తియ్యటి డ్రింకులకి ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మడం ఎంత కాలం సాగిందో మీ పాఠకులకి గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశం ఇచ్చింది. అసలైన ఓఆర్ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది, కూల్‌డ్రింక్‌లో అయితే లీటరుకి వంద గ్రాములు దాటుతుంది. షుగర్ ఉంది కాబట్టి ఓఆర్ఎస్ తాగకూడదని భయపడి, అక్కడ కూల్‌డ్రింక్ తాగేవాళ్లకి ఈ లెక్క చెప్పాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తల కొట్టి కొలిచి కలపండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు ఓఆర్ఎస్ కూడా డాక్టర్‌ని అడిగే.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లు దాన్ని చేతి సంచిలోనే ఉంచుకోవాలి. లగేజీలో వేస్తే విమానం అడుగున చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు, కారులో వదిలేస్తే వేడికి పాడైపోతుంది. ఫ్రిజ్ లేని ఇళ్లలో మట్టికుండలో పెట్టుకునే మన పద్ధతి తెలిసినవాళ్లకి చల్లదనం విలువ చెప్పక్కర్లేదు. షుగర్ చూసుకునే స్ట్రిప్పులు కూడా వేడికి చెడిపోయి తప్పు లెక్కలు చూపిస్తాయి. ఎండలో ఇన్సులిన్ రక్తంలోకి తొందరగా చేరుతుంది, దాంతో షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు ఎండదెబ్బకీ ఉంటాయి, షుగర్ పడిపోయినా ఉంటాయి. అనుమానం వస్తే వెంటనే షుగర్ చూడండి.

ఆ పెద్దావిడ సంచి విప్పించి చూశానని చెప్పలేదు కదా. బీపీ మాత్ర ‘హెచ్’ ఉన్నదే. కాళ్ల మంటలకి ప్రీగాబాలిన్. నొప్పి బిళ్లలు ఒక అట్ట. కోడీన్ ఉన్న దగ్గు సిరప్. వాటి కింద, కోడి కూర మసాలాకని కొడుకు కోసం కట్టిన గసగసాల పొట్లం. మన వంటింట్లో ఉండే గసగసాలు యూఏఈలో నిషేధించిన సరుకు. నల్లమందు మొక్క గింజలు కాబట్టి అక్కడ దాన్ని మత్తుపదార్థం కింద లెక్కేస్తారు, జైలు దాకా వెళ్తుంది. విడిగానే కాదు, పొడి కొట్టిన మసాలాలో కలిసినా పట్టుకెళ్లొద్దు. కోడీన్, ట్రమడాల్, ప్రీగాబాలిన్, ఆల్ప్రజోలాం లాంటి నిద్ర మాత్రలు, ఇవన్నీ అక్కడ కట్టుదిట్టం ఉన్న మందులు. వీటిని తీసుకెళ్లాలంటే డాక్టర్ చీటీతో అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందుగానే అనుమతి తీసుకోవాలి. ఆవిడ కొడుక్కి షాపు నుంచే ఫోన్ చేసి చెప్పాం. సిరప్ తీసేశాం, ప్రీగాబాలిన్‌కి అనుమతి పెట్టించుకున్నారు, గసగసాలు ఇంటికి పంపేశారు. ఇక నొప్పి బిళ్లల అట్ట దగ్గర చాలాసేపు మాట్లాడుకోవాల్సి వచ్చింది. “మోకాళ్లు పట్టేస్తే నేనేటి చేయాలమ్మా, కొడుక్కి బరువైపోనా?” అన్నారు. పెద్ద మాల్స్‌లో చక్రాల కుర్చీ అడిగి తీసుకోవచ్చని, అందులో కూర్చుంటే నామోషీ ఏమీ లేదని నచ్చజెప్పాను. అట్ట వదిలేసి వెళ్లారు.

మిగిలినవి క్లుప్తంగా. నూలు బట్టలు, పొడుగు చేతులు, గొడుగు. బయట 45, లోపల 22 డిగ్రీల ఏసీ కాబట్టి పెద్దవాళ్లకి ఒక పలచటి శాలువా. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇసుక గాలి వీచే రోజు గదిలోనే ఉండాలి, ఇన్‌హేలర్ కారులో వదలకూడదు. పిల్లల్ని కారులో ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. ఇసుక దిబ్బల మీద జీపు ఎగిరెగిరి పడుతుంది. నడుము నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు అది ఎక్కొద్దు. ఒంటె సరదా గురించి ఒక మాట. 2012లో బయటపడిన, ఊపిరితిత్తులకి సోకే మెర్స్ వైరస్ ఒంటెల నుంచి మనుషులకి వస్తుంది. షుగర్, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్లు ఒంటెల దగ్గరికి వెళ్లకూడదని, కాచని ఒంటె పాలు ఎవరూ తాగకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. మన పెద్దవాళ్లలో షుగర్ లేనివారెందరు? ఒంటెని దూరం నుంచి మనవడు ఎక్కుతుంటే చూడండి చాలు, దిగాక వాడి చేతులు సబ్బుతో కడిగించండి.

ఎండదెబ్బ తగిలితే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలియాలి. తల తిరగడం, వికారం, కండరాలు పట్టేయడం, నీరసం ఉంటే నీడకి తెచ్చి పడుకోబెట్టి, చల్లబరిచి, ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా ఇవ్వాలి. అదే మనిషి సంబంధం లేకుండా మాట్లాడుతున్నా, మగతగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే, ప్రాణం మీదికి వచ్చినట్టే. అంబులెన్స్‌కి 998 నంబర్‌కి ఫోన్ చేయాలి. ఆ లోపు బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరాలి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టాలి. ఇక్కడ ఒక చిక్కుంది. వేసవి మధ్యాహ్నం ఆ ఊళ్లో చాలా ఇళ్లలో చల్లనీళ్ల కుళాయి తిప్పినా వేడినీళ్లే వస్తాయి, ట్యాంకులు మేడల మీద ఎండలో ఉంటాయి. గల్ఫ్‌లో ఉండొచ్చిన ఎవర్నడిగినా చెబుతారు. కంగారులో ఆ నీళ్లే పోసేయకండి, చేత్తో పట్టి చూసి, ఫ్రిజ్‌లో నీళ్లు కలిపి పోయండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ వేస్తే దిగే జ్వరం కాదు అది, దానికోసం టైమ్ పోగొట్టుకోవద్దు.

పత్రికకి నా మనవి ఏమిటంటే, యాత్రల పేజీలో ఒక ఊరి గురించి రాసినప్పుడు అక్కడ ఏ నెలలో ఎంత ఎండ ఉంటుందో ఒక చిన్న పట్టిక వేయండి. దుబాయ్ గురించి రాస్తే 998 నంబరు వేయండి. ప్యాకేజీలు అమ్మే ఏజెంట్లకి కూడా చెప్పండి: బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్ట్ కాపీ అడిగినట్టే, అరవై దాటినవాళ్ల జబ్బులు, మందులు అడగాలి, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆరుబయటి కార్యక్రమం పెట్టకూడదు. వైద్య ఖర్చులకి సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకి వర్తిస్తుందో లేదో స్పష్టంగా చెప్పాలి. జిల్లాలోని మందుల షాపుల మిత్రులకి కూడా ఇదే అడుగుతున్నాను. మూణ్నెల్ల మందులు ఒకేసారి కావాలని ఎవరైనా వస్తే, ఎక్కడికి వెళ్తున్నారని అడగండి. ఎండ దేశమైతే ‘హెచ్’ మాత్రా, నొప్పి బిళ్లా ఒకే సంచిలో ఉన్నాయేమో చూడండి. మా షాపులో పొద్దున్న తొమ్మిది నుంచి పదకొండు దాకా రద్దీ తక్కువ. ఆ వేళకి సంచి, డాక్టర్ చీటీ రెండూ పట్టుకుని వస్తే ఎవరికైనా కూర్చోబెట్టి చూసి పెడతాను, మందులు మా దగ్గర కొనకపోయినా సరే.

ఇట్లు,
ఒక మందుల షాపు నిర్వాహకురాలు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా.